డైనోసార్ల డాక్యుమెంటరీలో ఎముకల ముక్క ఎందుకు కోసేశారు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో టీవీ పేజీలో డైనోసార్ల డాక్యుమెంటరీ గురించి రాశారు. సెలవుల్లో పిల్లలకు తప్పకుండా చూపించమని కూడా రాశారు. అది చదివే మా ఇంట్లో ఐదు రోజులు సీరియళ్లు బంద్ పెట్టి వరసగా చూశాం. చాలా బాగుంది. తెల్లవారుజామున మంచులో మంద నడిచి రావడం, తల్లి వెనక పిల్లలు వాగు దాటడం, తోక కొడితే దుమ్ము లేవడం, ఒకటి మీదికొచ్చి అరిస్తే దాని నోటి తుంపర్లు కెమెరా అద్దం మీద పడ్డట్టు చూపించడం, ఇవన్నీ చూస్తుంటే ఎవరో పొద చాటున కూచుని తీసుకొచ్చినట్టే ఉంది. ఆ తుంపర్లు పడ్డప్పుడు మా అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. కానీ ఈ ఉత్తరం మెచ్చుకోడానికి రాయడం లేదు. దాన్ని తెలుగులో వేసినవాళ్లు చేసిన ఒక పని నాకు బాగా బాధ కలిగించింది. అది మీ పేపర్ ద్వారా నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

మా చిన్నబిడ్డ ఆరో తరగతి. రెండో రోజు చూస్తూ చూస్తూ అడిగింది, "నాన్నా, ఇది ఎవరు తీసిండ్రు?" అని. ఎవరూ తీయలేదు బిడ్డా, అప్పుడు మనుషులే లేరు, ఇదంతా కంప్యూటర్లో చేసిన బొమ్మ అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అంతా గ్రాఫిక్సేనా? సినిమాల రాక్షసుని లెక్కనేనా?" అంది. కాదు, రాక్షసుడు కల్పన, ఇవి నిజంగా బతికినవి అన్నాను. "నీకెట్ల తెలుసు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఎముకలు దొరికినయి అని ఒక్క ముక్క చెప్పాను, అంతకుమించి నాకూ తెలియదు. టీవీలో కూడా ఐదు రోజుల్లో ఒక్కసారి అయినా ఒక ఎముక చూపించలేదు. మూడో రోజుకు పిల్ల ఫోన్ పట్టుకుని కూచుంది. "ఎట్లాగూ ఉత్తదే కదా" అంది. బొమ్మ ఎంత బాగా చేస్తే పిల్లలకు అంత అపనమ్మకం కలుగుతోంది, ఎందుకంటే ఈ కాలం పిల్లలు పుట్టినప్పటి నుంచి గ్రాఫిక్స్ చూస్తున్నారు, లేని ఏనుగును ఉన్నట్టు చూపించొచ్చని వాళ్లకు ఎప్పుడో తెలుసు.

ఐదు రోజులూ అయిపోయాక నా మేనల్లుడు, హైదరాబాద్‌లో చదువుతున్నాడు, ఫోన్లో దాని ఇంగ్లీషు భాగాలు చూపించాడు. అందులో ప్రతి భాగం చివర కొన్ని నిమిషాలు శాస్త్రవేత్తలు వచ్చి ఇదిగో ఎముక, ఇదిగో అడుగుజాడ, దీన్ని బట్టి మేం ఇట్లా చూపించాం, ఇంతవరకు మాకు తెలుసు, ఇక్కడి నుంచి ఊహ అని చెప్తున్నారు. తెలుగులో ఆ ముక్క మొత్తం కోసేశారు. ఆ టైంలో ప్రకటనలు వచ్చాయి. ఆ ఛానల్ పేరు ఇక్కడ రాయడం లేదు, నాకు దాని మీద పగ ఏమీ లేదు, కానీ తెలుగు పిల్లలకు బొమ్మ చాలు, ఎట్లా తెలిసిందో అక్కర్లేదు అని ఎవరో ఒక మనిషి కూచుని నిర్ణయం తీసుకున్నాడు కదా, అది నాకు మింగుడు పడటం లేదు.

నేను చదివింది ఇంటర్ వరకే. దేవరకొండలో బోరుబండి నడిపిస్తాను, పద్నాలుగేళ్లయింది. మా పనిలో కింద ఏముందో ఎవరికీ కనబడదు, పైకి వచ్చే రాతి పిండిని చూసి చెప్పాలి. ఒక్కో రాడ్డు దిగుతుంటే రైతు పక్కన నిలబడి "ఎట్లున్నదన్నా" అని అడుగుతుంటాడు, ఆ మనిషి టెన్షన్ అంతా ఇంతా కాదు, అప్పు తెచ్చి వేయిస్తుంటాడు. నేను ఆ పిండి గుప్పెట్లోకి తీసుకుని వేళ్ల మధ్య రుద్దుతాను. తెల్లగా, పొడిపొడిగా మెరుస్తూ వస్తే కింద చెక్కుచెదరని బండ. కొంచెం ఎర్రగానో పసుపుగానో తిరిగితే ఒకప్పుడు అక్కడ రాయి పగిలి నీళ్లు నడిచిన గుర్తు, ఇంకో రాడ్డు వేయొచ్చు. అప్పుడు రైతు అరచేతిలో ఆ పిండి పోసి చూపిస్తాను. అది చూసే ఇంకో వంద అడుగులకు సరే అంటాడు. చేతిలో పెట్టకుండా నా మాట నమ్ము అంటే ఏ రైతూ నమ్మడు, నమ్మకూడదు కూడా.

ఆ ఇంగ్లీషు ముక్కలు చూశాక నాకు అనిపించింది, వీళ్లదీ నా పనే కదా అని. కళ్లకు కనబడనిది గుప్పెడు పిండి చూసి చెప్పడమే. అప్పటి నుంచి మేనల్లుడితో తెప్పించుకుని, అడిగి, చదివి, నాకు అర్థమైనంత మా బిడ్డకు చెప్తున్నాను. పెద్ద బల్లి లాంటిది ఎంత వేగంగా పరుగెత్తేదో ఎట్లా తెలుస్తుంది? బురదలో పడ్డ అడుగులు రాయిగా మారి మిగిలాయి. నడిచినప్పుడు అడుగుకూ అడుగుకూ మధ్య దూరం తక్కువ, పరుగెత్తితే ఎక్కువ, నాటు వేసే ముందు దమ్ము చేసిన మడిలో ఎవరైనా చూడొచ్చు. ఆ దూరాన్నీ కాలి ఎత్తునూ కలిపి వేగం లెక్కగట్టే పద్ధతి 1976లో అలెగ్జాండర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చెప్పాడు. ఎన్నేళ్లు బతికిందో ఎట్లా తెలుస్తుంది? ఎముకను అడ్డంగా కోస్తే చెట్టు మొద్దులో లాగా వలయాలు ఉంటాయి. అమెరికాలోని సౌత్ డకోటాలో 1990లో దొరికి, ఇప్పుడు షికాగో మ్యూజియంలో ఉన్న 'సూ' అనే టైరనోసారస్ సుమారు 28 ఏళ్లు బతికిందని ఆ వలయాలు చూసే చెప్పారు. రంగు కూడా కొన్నింటిది తెలిసింది. చైనాలో దొరికిన చిన్న డైనోసార్ ఒకటి, దానికి ఈకల లాంటి నూగు ఉంది, ఆ నూగులో మిగిలిన రంగు గింజలు సూక్ష్మదర్శిని కింద చూసి దాని తోక మీద ఎర్ర గోధుమ రంగు చారలు ఉండేవని 2010లో తేల్చారు. ఇవన్నీ చెప్తే మా బిడ్డ ఫోన్ పక్కన పెట్టి వింటోంది. బొమ్మ చూపించినప్పటి కంటే ఎక్కువ శ్రద్ధగా వింటోంది.

ఎముక మాట్లాడుతుందని మా నల్లగొండ వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా అమ్మ పుట్టింది మర్రిగూడ వైపు. చిన్నప్పటి నుంచి ఆ బోరు నీళ్లే తాగింది. నలభై దాటేసరికి మోకాళ్లు వంగవు, మెడ తిరగదు. ఎక్స్‌రే తీయించడానికి తీసుకుపోతే డాక్టర్ ఫిల్మును వెలుగుకు పెట్టి చూసి, మేం ఏమీ చెప్పకముందే, "ఏ వైపమ్మా మీది, ఫ్లోరైడ్ ఊరేనా?" అని అడిగాడు. మనిషి ఏ నీళ్లు తాగి పెరిగిందో ఎముకలో రాసి ఉంది. కెనడాలో దొరికిన ఒక కొమ్ముల డైనోసార్ కాలి ఎముకను ముందు విరిగి అతుక్కున్నదని అనుకున్నారట, 2020లో క్యాన్సర్ డాక్టర్లను కూచోబెట్టుకుని మళ్లీ చూస్తే అది ఎముక క్యాన్సర్ అని తేలింది. 7 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి జంతువు. ఈ సంగతి చెప్తే మా అమ్మ, "పాపం, నోరులేని జీవి ఎంత బాధ పడ్డదో" అంది. ఐదు రోజుల గ్రాఫిక్స్ చూసినప్పుడు ఆమె నోట ఆ మాట రాలేదు.

అన్నింటికంటే నాకు నచ్చింది పేడ సంగతి. 1999లో బీబీసీ వాళ్లు 'వాకింగ్ విత్ డైనోసార్స్' అని ఆరు భాగాలు తీశారు, ఇప్పుడొస్తున్న ఇలాంటి కార్యక్రమాలన్నింటికీ దారి చూపించింది అదే. జంతువులు కంప్యూటర్‌వి, బొమ్మలవి అయినా వెనక అడవి నిజమైనదే కావాలి. అయితే డైనోసార్ల కాలంలో గడ్డి లేదని అప్పటి లెక్క. అందుకని గడ్డి పరక కనబడని చోట్లు వెతుక్కుంటూ చిలీ, న్యూజిలాండ్, టాస్మానియా దాకా పోయారు. ఆ తర్వాత ఆరేళ్లకు, 2005లో, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలో పనిచేసే వందనా ప్రసాద్ గారు, ఆమెతో ఉన్న శాస్త్రవేత్తలు, మన పక్కనే మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా పిస్దురా అనే ఊళ్లో దొరికిన రాయిగా మారిన పేడ ఉండలను పరీక్ష చేశారు. అందులో గడ్డి ఉంది. ఒక రకం కాదు, కనీసం ఐదు రకాలు. మన దేశంలో డైనోసార్లు గడ్డి కూడా మేశాయని ప్రపంచం మొత్తానికి ఆ పేడ చెప్పింది.

ఎట్లా కనుక్కున్నారో చెప్తాను, ఎందుకంటే మన రైతులందరికీ ఇది అనుభవమే. వరి ఆకును వేళ్ల మధ్య పట్టుకుని సర్రున లాగితే కోసుకుంటుంది. కలుపు తీసే ఆడవాళ్ల చేతులు చూడండి, సన్నని గీతలు ఉంటాయి. ఆకులో ఇసుక లాంటి పదార్థం, కంటికి కనబడనంత చిన్న గింజలుగా ఉంటుంది, దానివల్లే ఆ కోత. ఆకు కుళ్లిపోతుంది, ఆ గింజ కుళ్లదు. పశువు మేస్తే పేడలో వస్తుంది, పేడ రాయి అయితే రాయిలో ఉంటుంది. ఏ గింజ ఏ మొక్కదో ఆకారం బట్టి చెప్పొచ్చు. మా బిడ్డను పొలం తీసుకుపోయి వరి ఆకు మెల్లగా లాగించాను. వేలు చూసుకుని, "ఇదేనా రాయిల దొరికింది?" అంది. ఇదే బిడ్డా అన్నాను. ఇంత మంచి సంగతి టీవీలో చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు తెలుగులో ఎందుకు లేవు?

ఇంకొకటి. గుజరాత్‌లో 1984లో ధనంజయ్ మొహబే అనే శాస్త్రవేత్తకు డైనోసార్ గుడ్లు ఉన్న ఒక రాతి పలక దొరికింది. గుడ్ల పక్కన చిన్న ఎముకలు ఉన్నాయి, డైనోసార్ పిల్లవి అనుకున్నారు. 2001లో వేరే దేశం నుంచి వచ్చిన ఇంకో శాస్త్రవేత్త ఆ రాయిని చూసి అందులో కొన్ని పాము ఎముకలని పట్టుకున్నాడు. దాదాపు మూడున్నర మీటర్ల పాము, పగిలిన గుడ్డు చుట్టూ చుట్ట వేసుకుని, పక్కనే అర మీటరు పిల్ల. పిల్ల గుడ్డు నుంచి బయటికి రావడం, పాము కాచుకుని ఉండటం, అంతలో వానకో గాలికో ఒడ్డు విరిగి మట్టి మీద పడటం, అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. 'సనాజే ఇండికస్' అని 2010లో ఆ పాముకు పేరు పెట్టారు. ఆ పలక ఒక్కటి తెర మీద చూపించి, దాని మీదనే బొమ్మ మొదలుపెట్టి కదిలిస్తే ఏ పిల్ల అయినా ఉత్తదే అంటుందా?

ఊహ తప్పని నేను అనడం లేదు. ఊహ లేకుండా ఎముకల గుట్ట చూపిస్తే పిల్లలు కూచోరు. కానీ ఎక్కడిదాకా ఎముక, ఎక్కడి నుంచి ఊహ అనేది చెప్పాలి. ఉదాహరణకు అరుపులు. గొంతులోని మెత్తటి కండ రాయిగా మిగలదు, కాబట్టి ఆ పెద్ద పెద్ద అరుపులు దాదాపు అన్నీ సౌండ్ ఇంజినీర్లు కల్పించినవే. నేను పైన చెప్పిన 1999 కార్యక్రమంలోనే లయోప్లురోడాన్ అనే సముద్రపు జంతువును 25 మీటర్ల పొడవుగా చూపించారు. దొరికిన ఎముకల ప్రకారం అది 6, 7 మీటర్లు ఉంటుందని ఇప్పుడు అంటున్నారు. అది అసలు డైనోసార్ కూడా కాదు, అప్పటి సముద్రంలో బతికిన వేరే జాతి సరీసృపం. అంత పేరున్న కార్యక్రమంలోనే అట్లా జరిగితే, చూసేవాళ్లకు ఎముక ముక్క చూపించడం ఎంత అవసరమో ఆలోచించండి. తప్పు పట్టుకోడానికి కాదు, రేపు లెక్క మారితే పిల్లలు "అప్పుడు అబద్ధం చెప్పిండ్రు" అనుకోకుండా ఉండటానికి.

లెక్క అంటే గుర్తొచ్చింది. తెలుగు డబ్బింగ్‌లో ఒక భాగంలో డైనోసార్లు "66 లక్షల ఏళ్ల కింద" అంతరించాయని చెప్పారు. నేను పొరపాటు విన్నానేమో అని ఆ ముక్క మళ్లీ వేసుకుని చూశాను, అదే అన్నారు. ఇంకో భాగంలో "మిలియన్" అని అట్లాగే వదిలేశారు. మిలియన్ అంటే పది లక్షలు. 66 మిలియన్ అంటే 6 కోట్ల 60 లక్షలు. లక్షకూ కోటికీ తేడా మా బోరుబండి మీద పనిచేసే కూలికీ తెలుసు, ఎకరం 66 లక్షలా, 6 కోట్ల 60 లక్షలా అంటే ఎవరైనా కళ్లు తెరుచుకుని వింటారు. 66 లక్షల ఏళ్ల కింద అంటే మన మనుషుల వంశం చింపాంజీల వంశం నుంచి విడిపోతున్న కాలం దరిదాపు. అప్పటికి డైనోసార్లు పోయి 6 కోట్ల ఏళ్లు. ఈ ఒక్క సున్నా వల్ల పిల్లల మనసులో మనిషీ డైనోసారూ ఒకే అడవిలో తిరిగినట్టు ముద్ర పడుతుంది. డబ్బింగ్ రాసేవాళ్ల పక్కన ఒక సైన్స్ టీచరును కూచోబెట్టుకుంటే చాలదా?

ఇక మా జిల్లా సంగతి. ఇవన్నీ విన్నాక మా బిడ్డ, "మన బోర్ల ఎన్నడన్న ఎముక వచ్చిందా?" అని అడిగింది. రాలేదు, రాదు కూడా. దేవరకొండ గుట్టలైనా, నల్లగొండ పానగల్లు పక్క గుట్టలైనా మనది గ్రానైట్, దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగిన రాయి చల్లబడి గట్టిపడ్డది, అందులో ఎముక ఉండటానికి వీల్లేదు. కృష్ణ దాటితే నల్లమల పలకరాళ్లు, వాటికీ వంద కోట్ల ఏళ్ల పైనే. డైనోసార్లు పుట్టేనాటికే మన బండలు ముసలివి. ఇది చెప్తే కొంచెం చిన్నబుచ్చుకుంది. కానీ పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కొడంగల్ వైపు, పరిగి, వికారాబాద్ వైపు నేను కొన్ని బోర్లు వేశాను. అక్కడ రాయి వేరు. ఎర్రమట్టి, కింద నల్లరాయి, నల్లరాయి మధ్యలో ఒక్కోసారి మెత్తటి మట్టి పొర తగులుతుంది, రాడ్డు ఉన్నట్టుండి సర్రున దిగుతుంది. మాకు ఆ పొర అంటే చిరాకు, గోడలు కూలి బోరు పూడుతుందని భయం. ఆ పొర ఏమిటో ఇప్పుడు తెలిసింది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద దక్కనులో లావా పారింది, ఒక్కసారి కాదు, ఆగి ఆగి, పొర మీద పొర. రెండు పారకాల మధ్య ఎంతో కాలం ఖాళీ. ఆ ఖాళీలో గుంటల్లో నీళ్లు నిలిచి, చెట్టూ చేమా మొలిచి, జీవాలు తిరిగి, ఆ అడుగు మట్టి మీద మళ్లీ లావా వచ్చి మూత పెట్టింది.

పరిగి వైపు నస్కల్ అనే ఊరి దగ్గర అలాంటి మట్టి పొరలో ఎలుక అంత జంతువు పళ్లు దొరికాయి. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే శాస్త్రవేత్తలు దాని గురించి ప్రపంచానికి చెప్పారు. డైనోసార్ల కాలంలో చివరిదైన క్రెటేషియస్ కాలపు పాలిచ్చే జంతువు మన దేశంలో దొరకడం అదే మొదలు. పేరు డెక్కనోలెస్టెస్, అంటే గ్రీకు మాటను పట్టి చూస్తే దక్కను దొంగ. పళ్లు ఒక్కొక్కటి మిల్లీమీటరు లెక్కలో ఉంటాయి. బస్తాల కొద్దీ మట్టి తెచ్చి నీళ్లలో నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన నూకను సూక్ష్మదర్శిని కింద ఒక్కో గింజా ఏరితే దొరికినవి. మా అమ్మ బియ్యంలో రాళ్లు ఏరినట్టే. దాని చీలమండ ఎముకలు చూసి చెట్లెక్కేదని కూడా చెప్పారు. పెద్ద పెద్ద డైనోసార్లు పోతే, ఇట్లాంటి చిన్న పాలిచ్చే జీవాల్లో కొన్ని మిగిలాయి, ఏనుగు అయినా ఆవు అయినా మనమైనా ఆ మిగిలిన వాటి సంతతే. మన పాలమూరు పొలిమేరలో ఇంత సంగతి ఉంది, ఆ ఊరి మీదుగా పోయే బస్సులో ఎందరికి తెలుసు? నేనే ఆ దారిన ఎన్నోసార్లు బండి తోలుకుపోయాను.

గోదావరి, ప్రాణహిత వైపు అయితే అసలు డైనోసార్లే. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో కుప్పగా ఎముకలు దొరికాయి, కనీసం పన్నెండు జంతువులవి. జియలాజికల్ సర్వేలో పనిచేసిన పి. యాదగిరి గారు 1988లో దానికి 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. మన తెలంగాణ పల్లె పేరు ఒక డైనోసార్‌కు ఉంది. అవతలి ఒడ్డున సిరోంచ దగ్గర పోచంపల్లిలో దొరికింది ఇంకొకటి, మన చీరల పోచంపల్లి కాదు, అది వేరే ఊరు, పేరు చూసి నేనూ మొదట మన పాత నల్లగొండ జిల్లాదే అనుకుని సంబరపడ్డాను. 1961లో రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి ఏడు తవ్వారు కాబట్టి ఆయన పేరు కలిపి 'బారాపాసారస్ టాగోరి' అన్నారు, బారా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. తొడ ఎముక ఒక్కటే మనిషి ఎత్తు. అది కలకత్తాలో ఉంది, కోటాసారస్ మాత్రం హైదరాబాద్‌లోనే, నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.

మొన్న వారం బండి రిపేరులో ఉంటే పిల్లను తీసుకుని పోయాను. లోపలికి పోయి దాని వెనక కాలి పక్కన నిలబడింది. తల ఎత్తి నడుము దాకా చూసింది, తర్వాత మెడ వెంబడి మెల్లగా నడుచుకుంటూ తల దాకా పోయింది. ఇవి నిజం ఎముకలేనా అని అడిగింది. ఎముకలే, కానీ తల కాదు, తల ఎముక దొరకలేదు, రెండు పళ్లు మాత్రం దొరికాయి, అక్కడ పెట్టింది ఊహించి చేసిన తల అని చెప్పాను. ఆ తల కింద చాలాసేపు నిలబడింది. టీవీ ముందు ఉత్తదే అన్న పిల్లే. ఇది నిజం, ఇది ఊహ అని తేడా చెప్పగానే నిజాన్ని నమ్మింది, ఊహ మీద కూడా ఆసక్తి పెరిగింది, "రెండు పళ్లు చూసి మూతి ఎట్ల చేసిండ్రు?" అని దారి పొడుగునా నన్ను తినేసింది.

కాబట్టి నేను అడిగేది చిన్న విషయం. కోసేసిన ఆ ముక్కలను తెలుగులో డబ్ చేసి మళ్లీ వేయండి, మొత్తం కలిపినా అరగంట మించదు. లక్షలు, కోట్లు సరిచేయండి. మన తెలుగు ఛానళ్లలో ఎవరైనా ముందుకొచ్చి యామన్‌పల్లి, నస్కల్, పిస్దురా, ఈ మూడు ఊళ్లు తిరిగి ఒక్క గంట కార్యక్రమం తీస్తే గ్రాఫిక్స్ తక్కువైనా మేం చూస్తాం, మా ఊళ్లో నేను పది ఇళ్లలో చూపిస్తాను. మీ పేపర్‌ను అడిగేది కూడా ఒకటుంది. ఇలాంటి కార్యక్రమం గురించి రాసేటప్పుడు బొమ్మలు ఎంత బాగున్నాయో రాసి ఊరుకోకుండా, వాటి వెనక ఏ ఎముక ఉందో నాలుగు వాక్యాలు రాయండి, పిల్లల పేజీలో అయినా సరే.

మ్యూజియం నుంచి వస్తూ బస్సులో మా బిడ్డ ఇంకో మాట అంది. గోదావరి పక్క బోర్లు వేసేటప్పుడు ఆ తల ఉన్న చోటే బిట్టు దిగితే అది పిండి అయిపోతది కదా, ఆ పక్క బండ్ల వాళ్లకు చూసి వేయమని చెప్పు నాన్నా అంది. మంచిర్యాలలో బోరుబండి ఉన్న ఒకాయన నాకు తెలుసు. రాత్రి ఫోన్ చేసి చెప్పాను. ముందు అర్థం కాలేదు, అంతా వివరంగా చెప్పాక, "తెల్లరాయి లెక్క ఏదన్న తేడాగ వస్తే పిండి కవర్ల పోసి ఉంచుత, నువ్వొచ్చినప్పుడు చూడు" అన్నాడు.

ఇట్లు,
ఒక బోరుబండి యజమాని,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.